ఇల్లు చెచెన్లది... యుద్ధం ఎవరిది?

స్వతంత్ర దేశం కావాలని మొదలైన పోరాటం పదహారేళ్లు తిరిగేసరికి ఆ దేశం పేరునే కొట్టేసుకుంది. కాకసస్ కొండల్లోకి పరాయి దేశాల నుంచి వచ్చింది కొన్ని వందల మందే. వాళ్ల చేతిలో ఒక జాతి పోరాటం ఎలా పడింది? దాని ఖరీదు ఎవరు కట్టారు?

1996 ఏప్రిల్ 16. దక్షిణ చెచెన్యాలో యారిష్‌మర్దీ ఊరి దగ్గర ఇరుకైన కొండదారి. ఒక పక్క నిట్టనిలువుగా కొండ, రెండో పక్క లోయలో అర్గున్ నది. రష్యా 245వ రెజిమెంటు వాహనాలు ఒకదాని వెనక ఒకటి మలుపు తిరుగుతున్నాయి. ముందు నడుస్తున్న ట్యాంకు కింద మందుపాతర పేలింది. ఆ వెంటనే వరుసలో చివరనున్న వాహనాలకు నిప్పంటుకుంది. మధ్యలో చిక్కుకున్నవాళ్లు ముందుకు పోలేరు, వెనక్కి రాలేరు. కొండపై నుంచి తూటాలు, రాకెట్లు కురిశాయి. 50 మందికి పైగా సైనికులు అక్కడే ప్రాణాలు వదిలారు.

రష్యాకూ చెచెన్లకూ మధ్య సాగుతున్న ఆ మొదటి యుద్ధంలో ఇలా మాటువేసి కొట్టడం కొత్తేమీ కాదు. కొత్తది వీడియో కెమెరా. దాడి చేసినవాళ్లలో ఒకడు మొదటి పేలుడు నుంచీ చిత్రీకరిస్తూనే ఉన్నాడు. కాల్పులు ఆగాక, కాలిన ట్యాంకుల మధ్య పొడవాటి జుట్టు, నల్లటి గడ్డంతో ఒక మనిషి తిరుగుతూ కనిపిస్తాడు. అతను చెచెన్ కాదు, సౌదీ అరేబియాలోని అరార్ పట్టణంలో 1969లో పుట్టినవాడు. అసలు పేరు సామిర్ సాలెహ్ అల్ సువైలెం. ప్రపంచానికి తెలిసిన పేరు ఖత్తాబ్. అప్పటికే అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సైన్యంతోనూ, తజికిస్తాన్‌లోనూ పోరాడి వచ్చాడు. కుడిచేతి వేళ్లు కొన్ని బాంబు పేలి పోయాయి.

ఆ క్యాసెట్ కాపీలు గ్రోజ్నీ బజారులో అమ్ముడుపోయాయి. అక్కడి నుంచి గల్ఫ్ దేశాలకు, ఐరోపాకు చేరాయి. చూసినవాళ్లలో కొందరు డబ్బు పంపారు, కొందరు తామే బయల్దేరారు. వాళ్లలో ఎక్కువమందికి చెచెన్యా చరిత్ర తెలియదు. అది తెలుసుకోవాల్సిన అవసరం ఉందని కూడా వాళ్లు అనుకోలేదు. అఫ్గానిస్తాన్, బోస్నియాల తర్వాత చెచెన్యా వాళ్లకు మరో మజిలీ, అంతే.

చెచెన్లకు మాత్రం అది సొంతిల్లు. ఈ కథంతా ఆ తేడాలోనే ఉంది.

1944 నుంచి మోస్తున్న గాయం

చెచెన్లు ఆయుధం పట్టింది మతరాజ్యం కోసం కాదు. రష్యా జార్ల సైన్యాలతో 19వ శతాబ్దంలో దశాబ్దాల పాటు పోరాడి ఓడిన జాతి అది. లియో టాల్‌స్టాయ్ యువ సైనికుడిగా పనిచేసింది ఆ యుద్ధంలోనే. దానికన్నా లోతైన గాయం 1944 ఫిబ్రవరి 23న తగిలింది. హిట్లర్‌తో కుమ్మక్కయ్యారన్న నెపంతో స్టాలిన్ ఆ ఒక్క వారంలో దాదాపు 5 లక్షల మంది చెచెన్లను, పొరుగు జాతి ఇంగుష్‌లను పశువుల పెట్టెల్లాంటి రైలు బోగీల్లో కుక్కి కజక్‌స్తాన్, కిర్గిజ్‌స్తాన్‌లకు తరలించాడు. చలికీ ఆకలికీ దారిలోనే వేలమంది చనిపోయారు. వెళ్లాక టైఫస్ తీసుకుపోయింది ఇంకెందరినో. తిరిగి సొంతూళ్లకు రావడానికి అనుమతి దొరికింది 1957లో. వచ్చేసరికి ఇళ్లలో వేరేవాళ్లున్నారు. పూర్వీకుల సమాధి రాళ్లను రోడ్లకూ పునాదులకూ వాడేశారు.

జోఖర్ దుదాయెవ్ పుట్టింది ఆ 1944లోనే. పసిగుడ్డుగా అమ్మ ఒడిలో ప్రవాసానికి వెళ్లాడు. పెరిగి సోవియట్ వైమానిక దళంలో మేజర్ జనరల్ అయ్యాడు. ఎస్టోనియాలోని తార్తూలో అణుబాంబులు మోసే విమానాల దళానికి అధిపతిగా ఉంటూ, ఆ చిన్న దేశం స్వాతంత్ర్యం కోసం శాంతియుతంగా ఎలా నిలబడుతోందో కళ్లారా చూశాడు. 1991లో సోవియట్ యూనియన్ కూలుతుండగా సొంతగడ్డకు తిరిగొచ్చి చెచెన్యాను స్వతంత్ర దేశంగా ప్రకటించాడు. ఆయన ప్రతిపాదించిన రాజ్యాంగం లౌకికమైనది. ఆయన భార్య రష్యన్.

మూడేళ్లు తాత్సారం చేసి 1994 డిసెంబరు 11న మాస్కో సైన్యాన్ని దింపింది. ఒక్క పారాచూట్ రెజిమెంటుతో రెండు గంటల్లో పని ముగించవచ్చని రక్షణమంత్రి పావెల్ గ్రచోవ్ అంతకుముందే గొప్పలు పోయాడు. కొత్త సంవత్సరం రాత్రి గ్రోజ్నీ రైల్వేస్టేషన్ దగ్గర రష్యా మైకోప్ బ్రిగేడ్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ కసి అంతా ఫిరంగులతో, విమానాలతో నగరం మీద తీర్చుకున్నారు. విషాదం ఏమిటంటే నగరం నడిబొడ్డున నేలమాళిగల్లో తలదాచుకుని చనిపోయినవాళ్లలో రష్యన్ ముసలివాళ్లూ చాలామంది ఉన్నారు. చెచెన్లకు పారిపోవడానికి పల్లెల్లో చుట్టాలున్నారు, వాళ్లకు లేరు. 1995 ఏప్రిల్‌లో సమాష్కీ అనే ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి వందమందికి పైగా పౌరులను చంపారు.

పరాయి యోధులకు తలుపు తీసింది ఆ బాంబులే. ఈ సంగతి పక్కనపెట్టి, కథను అరబ్బుల రాకతో మొదలుపెట్టేవాళ్లు రష్యా ప్రభుత్వం చెప్పే సగం నిజాన్నే అప్పజెప్పినట్టు. కానీ తలుపు తీశాక లోపలికొచ్చినవాళ్లు ఏం చేశారన్నదీ చెప్పుకోవాల్సిందే. చెచెన్ల పట్ల సానుభూతి ఉన్నవాళ్లు చాలామంది ఈ రెండో సగం దగ్గర గొంతు తగ్గించేస్తారు. అది చెచెన్లకు చేసే మేలు కాదు.

తాతల భక్తి తప్పన్నారు

ఖత్తాబ్‌కు ముందే ఒకాయన వచ్చాడు. షేక్ ఫతీ. జోర్డాన్‌లో స్థిరపడిన చెచెన్ సంతతి మనిషి, అఫ్గాన్ యుద్ధం చూసినవాడు. చుట్టూ కుర్రాళ్లను చేరదీసి జమాత్ కట్టాడు. 1995లో ఖత్తాబ్‌ను రప్పించిందీ ఆయనే.

వాళ్లు తెచ్చిన మతానికీ, అక్కడ ఉన్న మతానికీ పొంతన లేదు. చెచెన్లు సూఫీలు. నక్ష్‌బందీ, ఖాదిరీ సంప్రదాయాలవాళ్లు. మగవాళ్లంతా వలయంగా చేరి, లయబద్ధంగా అడుగులేస్తూ దేవుడి నామం జపించే ‘జిక్ర్’ వాళ్లకు ప్రార్థన మాత్రమే కాదు, కజక్ మైదానాల్లో ప్రవాసం నాడు జాతిని కలిపి ఉంచిన దారం. పీర్ల సమాధులకు మొక్కుతారు. ఊళ్లో తగవు వస్తే పెద్దల మాటే చెల్లుతుంది. నెల్లూరు రొట్టెల పండగకో, కడప పెద్ద దర్గా ఉరుసుకో వెళ్లొచ్చే మన జనానికి ఆ భక్తి ఎలాంటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు.

కొత్తగా వచ్చినవాళ్లు అదంతా షిర్క్ అన్నారు. దేవుడికి సాటి కల్పించే మహాపాపమన్నారు. సమాధి దగ్గర మొక్కడం తప్పు, జిక్ర్ తప్పు, కుర్రాడు తండ్రి ముందు తలవంచడం కన్నా మతం ముందు వంచడమే ఒప్పు. యుద్ధం మధ్య పెరిగి, బడి లేక, పని లేక తిరుగుతున్న కుర్రాళ్లలో కొందరికి ఆ మాటలు రుచించాయి. వంశం పేరు, తాతల పరువు లేనివాడికి కూడా జమాత్‌లో చోటు దొరికింది. చోటుతోపాటు ఆయుధం, చేతిలో నాలుగు డబ్బులు కూడా దొరికాయి. గడ్డం పెంచిన కొడుకు ఇంటికొచ్చి, నువ్వు చేసే ప్రార్థన చెల్లదని తండ్రికి చెబితే ఆ ఇంట్లో ఏం మిగులుతుంది? చెచెన్యాలో అంతర్యుద్ధం మొదట ఇళ్లలో మొదలైంది. తుపాకులు తర్వాత పేలాయి.

చేతికందిన శాంతి

1996 ఆగస్టులో చెచెన్ యోధులు గ్రోజ్నీని తిరిగి గెలుచుకున్నారు. ఆగస్టు 31న ఖసావ్యుర్త్‌లో రష్యా జనరల్ అలెగ్జాండర్ లెబెద్, చెచెన్ సైన్యాధిపతి అస్లాన్ మస్ఖదోవ్ ఒప్పందంపై సంతకాలు చేశారు. చెచెన్యా భవితవ్యాన్ని 2001 చివరిలోగా తేల్చుకుందామన్నారు. 1997 జనవరి 27న ఐరోపా పరిశీలకుల సమక్షంలో ఎన్నికలు జరిగాయి. సోవియట్ సైన్యంలో ఫిరంగి దళపు కల్నల్‌గా పనిచేసిన మితభాషి మస్ఖదోవ్‌కు దాదాపు 59 శాతం ఓట్లొచ్చాయి. బుద్యోనోవ్‌స్క్ ఆసుపత్రిలో వందలమంది రోగులను, గర్భిణులను బందీలుగా పట్టి 1995లో ప్రపంచానికి తెలిసిన షమీల్ బసాయెవ్‌కు పడ్డవి 23 శాతానికి కాస్త అటూ ఇటూ. యుద్ధం అప్పుడే ముగిసింది, బసాయెవ్ ఊరూరా వీరుడు. అయినా జనం ఓటేసింది శాంతి కోరేవాడికి. మే 12న మస్ఖదోవ్ మాస్కో వెళ్లి యెల్ట్‌సిన్‌తో కలిసి శాంతి ఒప్పందంపై సంతకం చేశాడు.

చెచెన్ల మనసులో ఏముందో ఆ ఓట్లు చెప్పినంత స్పష్టంగా ఏ తుపాకీ చెప్పలేదు. రెండు యుద్ధాల నడుమ దొరికిన ఆ మూడేళ్ల కథ చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది.

మస్ఖదోవ్ ప్రమాణ స్వీకారానికి ముందే, 1996 డిసెంబరు 17 తెల్లవారుజామున నోవియే అతగీలోని ఆసుపత్రిలో ఆరుగురు రెడ్‌క్రాస్ సిబ్బందిని నిద్రలోనే కాల్చి చంపారు. సహాయ సంస్థలు మూటాముల్లె సర్దుకున్నాయి. పునర్నిర్మాణానికని మాస్కో ఇస్తానన్న డబ్బు చాలామటుకు రాలేదు. దుదాయెవ్ చనిపోయాక అప్పటిదాకా తాత్కాలిక అధ్యక్షుడిగా ఉన్న జెలిమ్‌ఖాన్ యందర్‌బియెవ్, ఇస్లామిక్ శిక్షాస్మృతి పేరుతో సూడాన్ చట్టాన్ని దాదాపు మక్కీకి మక్కీ దించేసి వెళ్లాడు. పాడుపడిన నగరంలో సాగిన వ్యాపారాలు రెండే: పైపుల్లోంచి చమురు దొంగిలించడం, మనుషులను ఎత్తుకుపోయి డబ్బు గుంజడం. 1998 డిసెంబరులో ముగ్గురు బ్రిటిష్ ఇంజినీర్లు, ఒక న్యూజిలాండ్ ఇంజినీరు తలలు రోడ్డు పక్కన దొరికాయి. ఫోన్ల వ్యవస్థ బాగుచేయడానికి వచ్చినవాళ్లు వాళ్లు.

ఇదే కాలంలో సెర్జెన్ యుర్త్ దగ్గర అడవిలో ఖత్తాబ్ శిక్షణ శిబిరాలు కళకళలాడాయి. చెచెన్లే కాదు, పక్కనున్న దాగెస్తాన్ కుర్రాళ్లూ వచ్చారు. ప్రభుత్వ సైనికుడికి జీతం అందకపోయినా ఖత్తాబ్ దగ్గర డబ్బుకు లోటు లేదు. ఓట్లతో గెలిచిన అధ్యక్షుడికన్నా, ఓటు హక్కే లేని పరాయి మనిషి బలవంతుడయ్యాడు. 1998 జూలైలో గుదెర్మెస్ పట్టణంలో ప్రభుత్వ దళాలకూ, జనం ‘వహాబీలు’ అని పిలిచే ఈ వర్గానికీ మధ్య వీధిపోరాటం జరిగి డజన్ల కొద్దీ చనిపోయారు. మతపెద్ద అఖ్మద్ కదిరోవ్ వాళ్లను వెళ్లగొట్టాలని గొంతెత్తాడు. మస్ఖదోవ్ రెండు ఇస్లామిక్ దళాలను రద్దు చేశాడు. కొద్దిరోజుల్లోనే ఆయన మీద హత్యాయత్నం. అక్కడితో ఆయన ధైర్యం సడలింది. బసాయెవ్ మీదకు వెళితే చెచెన్లు చెచెన్లను చంపుకోవాలి. ఆ పని చేయలేక రాజీపడి, 1999 ఫిబ్రవరిలో షరియా పాలన ప్రకటించాడు. అది ఎవరినీ తృప్తిపరచలేదు. మస్ఖదోవ్ మంచివాడన్నది నిజం. తన మంచితనానికి కాపలా పెట్టుకోలేకపోయాడన్నదీ నిజమే.

జవహిరీ ల్యాప్‌టాప్

ఆ రోజుల్లో చెచెన్యా దారి పట్టినవాళ్లెవరో చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. 1996 డిసెంబరులో దాగెస్తాన్‌లోని దెర్బెంత్ దగ్గర వీసా లేకుండా సరిహద్దు దాటుతున్న ముగ్గురు ‘వ్యాపారుల’ను రష్యా పోలీసులు పట్టుకున్నారు. వాళ్ల దగ్గర దొంగ పాస్‌పోర్టులు, అరబ్బీ ఫైళ్లతో ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయి. ఆ ఫైళ్లలో ఏముందో తేల్చలేకపోయారు. అక్రమంగా ప్రవేశించినందుకు ఆరు నెలల శిక్ష వేసి 1997లో వదిలేశారు. ఆ ముగ్గురిలో ఒకడు ఐమన్ అల్ జవహిరీ. ఈజిప్టు జిహాద్ సంస్థకు చెచెన్యాలో స్థావరం వెతుక్కుంటూ వచ్చాడు. అది కుదరక అఫ్గానిస్తాన్ వెళ్లి బిన్ లాడెన్‌తో చేతులు కలిపాడు.

2001 సెప్టెంబరు 11 విమానదాడులు చేసిన జర్మనీలోని హాంబర్గ్ బృందం కూడా 1999లో మొదట వెళ్లాలనుకున్నది చెచెన్యాకే. అక్కడికి చేరడం కష్టం, ముందు అఫ్గానిస్తాన్ వెళ్లి శిక్షణ తీసుకోండని ఎవరో సలహా ఇస్తే దారి మార్చుకున్నారు. అమెరికా దర్యాప్తు కమిషన్ నివేదికలో ఉన్న సంగతి ఇది. సమాష్కీలో కొడుకును పోగొట్టుకున్న తల్లి దుఃఖానికీ, ఆ బృందపు నాయకుడు మహమ్మద్ అత్తా కోపానికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆమె దుఃఖాన్ని వీడియో చేసి అతనికి చూపించారు.

పొరుగూరి మీద దండయాత్ర

1999 ఆగస్టు 7న బసాయెవ్, ఖత్తాబ్ వెయ్యిమందికి పైగా సాయుధులతో కొండ దాటి దాగెస్తాన్‌లోని బోత్లిఖ్ ప్రాంతంలో దిగారు. రసూల్ గమ్జతోవ్ కవితలు చదివిన తెలుగువాళ్లకు పరిచయమైన నేల అది. డజన్ల కొద్దీ భాషలు, అన్నీ ముస్లిం పల్లెలే. తమను విమోచకులుగా నెత్తిన పెట్టుకుంటారనుకున్నారు. దాగెస్తానీలు మాత్రం వేటతుపాకులు పట్టుకుని ఎదురుతిరిగారు. మాకు ఇస్లాం నేర్పడానికి మీరెవరని అడిగారు. కొన్ని వారాల్లో దండు వెనుదిరిగింది.

ఈ దాడి చేయమని చెచెన్ ప్రజలు అడగలేదు. వాళ్ల అధ్యక్షుడు ఖండించాడు. ఫలితం మాత్రం వాళ్లే అనుభవించారు. ఆగస్టు 9న మాస్కోలో కొత్త ప్రధానిగా వ్లాదిమిర్ పుతిన్ పేరు వినిపించింది. సెప్టెంబరులో బుయ్‌నాక్‌స్క్, మాస్కో, వోల్గోదోన్‌స్క్‌లలో అపార్ట్‌మెంట్లు పేలి నిద్రలో ఉన్న దాదాపు 300 మంది చనిపోయారు. చేయించింది ఖత్తాబ్ అని రష్యా ప్రభుత్వం తేల్చింది. అతను కాదన్నాడు. రష్యా గూఢచారి విభాగం పనేనని అనుమానించినవాళ్లూ ఉన్నారు. స్వతంత్ర దర్యాప్తు జరగనివ్వలేదు. యుద్ధానికి జనం ఒప్పుకోలు మాత్రం దొరికేసింది. పుతిన్‌ను ఆ యుద్ధమే అధ్యక్ష పీఠం దాకా మోసుకెళ్లింది.

రెండో యుద్ధం మొదటిదాన్ని మించిపోయింది. అక్టోబరు 21న గ్రోజ్నీ బజారు మీద క్షిపణులు పడి వందమందికి పైగా చనిపోయారు. కూరగాయలు కొంటున్నవాళ్లు, పక్కనున్న ప్రసూతి ఆసుపత్రిలో ఉన్నవాళ్లు. 2000 ఫిబ్రవరి 5న నోవియే ఆల్దీలో సైనికులు ఇంటింటికీ తిరిగి కనీసం 50 మందిని కాల్చారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ‘జచిస్త్కా’లు నడిచాయి. తెల్లవారకముందే ఊరిని చుట్టుముట్టి మగవాళ్లను తీసుకుపోయేవాళ్లు. కొందరు చావుదెబ్బలతో తిరిగొచ్చారు. కొందరి శవాలను బంధువులు డబ్బిచ్చి కొనుక్కున్నారు. చాలామంది ఆచూకీ లేదు. ఈ నిజాలు రాసిన పాత్రికేయురాలు అన్నా పొలిత్‌కోవ్‌స్కయాను 2006లో ఆమె ఉండే భవనంలోనే కాల్చేశారు.

ఇటువైపు బసాయెవ్ పిల్లల బడి దాకా దిగజారాడు. మాస్కో థియేటరులో 2002లో 130 మంది బందీలు చనిపోయారు. ఎక్కువమంది రక్షణదళాలు వదిలిన గ్యాస్‌ వల్లే. 2004 సెప్టెంబరు 1న బెస్లాన్‌లో కొత్త బట్టలు వేసుకుని, పూలు పట్టుకుని బడికొచ్చిన పిల్లలను, తల్లులను వ్యాయామశాలలో బంధించి బాస్కెట్‌బాల్ రింగులకు బాంబులు వేలాడదీశారు. మూడోరోజు ముగిసేసరికి 334 మంది చనిపోయారు. వాళ్లలో 186 మంది పిల్లలు. దీన్ని ఏ స్వాతంత్ర్యం పేరుతోనూ సమర్థించలేం. మస్ఖదోవ్ కూడా సమర్థించలేదు.

బెస్లాన్ దుండగుల్లో తొమ్మిది, పదిమంది అరబ్బులున్నారని అధికారులు మొదట చెప్పారు. తర్వాత గుర్తుపట్టిన శవాల్లో చాలామటుకు ఇంగుష్, చెచెన్ యువకులవే. పరాయివాళ్ల లెక్క పెంచి చెప్పడం మాస్కోకు అవసరం. ఇది సొంత పౌరులతో తగవు కాదు, అంతర్జాతీయ ఉగ్రవాదంతో యుద్ధం అంటే ప్రపంచం అడ్డుచెప్పదు. ఖత్తాబ్ వర్గానికీ ఆ మాటే కావాలి. ఇద్దరు శత్రువులూ ఒకే అబద్ధాన్ని నిలబెట్టారు. ఆ అబద్ధంలో మునిగిపోయింది 1997లో ఓటేసిన చెచెన్.

పేరు కూడా మిగల్లేదు

2002 మార్చిలో ఖత్తాబ్ విషం పూసిన ఉత్తరం తెరిచి చనిపోయాడు. అతని స్థానంలోకి మరో అరబ్బు, అతని తర్వాత ఇంకొకడు వచ్చారు. యందర్‌బియెవ్‌ను 2004లో ఖతార్ రాజధాని దోహాలో కారుబాంబుతో చంపారు. ఇద్దరు రష్యా ఏజెంట్లకు అక్కడి కోర్టు శిక్ష వేసింది. మస్ఖదోవ్ 2005 ఫిబ్రవరిలో ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించి చర్చలకు రమ్మన్నాడు. మార్చి 8న తాల్‌స్తోయ్ యుర్త్ అనే ఊళ్లో ఒక ఇంటి నేలమాళిగ దగ్గర ఆయన శవాన్ని టీవీలో చూపించారు. ఉగ్రవాదుల శవాలు అప్పగించకూడదన్న చట్టం కింద కుటుంబానికి ఇవ్వలేదు. మాట్లాడటానికి మిగిలిన చివరి మనిషిని చంపేశాక మాస్కోకు ఎదురుగా మిగిలింది మాట్లాడటం ఇష్టంలేనివాళ్లే. బసాయెవ్ 2006లో చనిపోయాడు.

2007లో తిరుగుబాటుదారుల నాయకుడు డోకు ఉమరోవ్ చెచెన్ రిపబ్లిక్‌ను రద్దు చేసి ‘కాకసస్ ఎమిరేట్’ ప్రకటించాడు. జాతి లేదు, సరిహద్దు లేదు, రాజ్యాంగం లేదు. లండన్‌లో ప్రవాసంలో ఉన్న చెచెన్ నాయకుడు అఖ్మద్ జకాయెవ్ ఇది ద్రోహమని మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. దుదాయెవ్ ఏ దేశం కోసం చచ్చాడో ఆ దేశాన్ని రష్యా ట్యాంకులు నేలమట్టం చేశాయి. కాగితం మీద మిగిలిన ముక్కను కొట్టేసింది అతని తర్వాత అదే కుర్చీలో కూర్చున్నవాడు. ఉమరోవ్ పేరు మీద మాస్కో మెట్రోలో, దొమొదేదొవో విమానాశ్రయంలో బాంబులు పేలి పదులమంది మామూలు మనుషులు పోయారు.

ఆ తర్వాత ప్రవాహం దిశ మారింది. ఒకప్పుడు బయటివాళ్లు చెచెన్యాకు వస్తే, 2012 నుంచి కాకసస్ కుర్రాళ్లు సిరియాకు వెళ్లారు. 2014 సోచీ ఒలింపిక్స్‌కు ముందు రష్యా అధికారులే కొందరు సాయుధులను దేశం దాటనిచ్చారని రష్యా పాత్రికేయులు బయటపెట్టారు. ఇస్లామిక్ స్టేట్ సేనానుల్లో పేరుమోసిన ఒమర్ అల్ షిషానీ, జార్జియాలోని పాన్కిసీ లోయలో పుట్టినవాడు. రష్యా నుంచి 4,000 మంది దాకా సిరియాలో ఉన్నారని 2017లో పుతినే చెప్పాడు. అలెప్పో, రక్కా పల్లెల్లో జనానికి అప్పుడు చెచెన్లే ‘పరాయి యోధులు’. ఎవరో వచ్చి తమ తాతల మతం తప్పని చెబితే నలిగిపోయిన జాతి బిడ్డలే, ఇంకొకరి ఊరికెళ్లి అదే మాట చెప్పారు.

చెచెన్యాను నేడు ఏలుతున్నది రంజాన్ కదిరోవ్. వహాబీలను వెళ్లగొట్టమన్న అఖ్మద్ కదిరోవ్ కొడుకు. తండ్రి రెండో యుద్ధంలో రష్యా వైపు వచ్చి, 2004 మే 9న గ్రోజ్నీ స్టేడియంలో బాంబుకు బలయ్యాడు. కొడుకు నగరం నడుమ అద్దాల మేడలు, పాలరాతి మసీదు కట్టించాడు. ఎదురు మాట్లాడినవాడి అన్నదమ్ములను, తల్లిదండ్రులను ఎత్తుకుపోయే పాలన అది. ఉక్రెయిన్ యుద్ధంలో కదిరోవ్ దళాలు రష్యా వైపు, దుదాయెవ్ పేరు పెట్టుకున్న బెటాలియన్ ఉక్రెయిన్ వైపు పోరాడుతున్నాయి. చెచెన్‌కు ఎదురుగా చెచెన్, ఈసారీ పరాయి నేల మీదే.

రెండో యుద్ధంలో మాయమైనవాళ్లు 3 వేల నుంచి 5 వేల మంది ఉంటారని హక్కుల సంస్థల అంచనా. వాళ్ల పేర్లు, తేదీలు, ఏ సైనిక వాహనంలో ఎక్కించారో కూడా నమోదు చేసింది మెమోరియల్ అనే రష్యన్ సంస్థ. ఆ పని చేస్తున్న నతాల్యా ఎస్తెమిరోవాను 2009లో గ్రోజ్నీలో ఇంటి ముందు నుంచి ఎత్తుకుపోయి చంపారు. ఐరోపా మానవ హక్కుల కోర్టు వందల కేసుల్లో రష్యాను తప్పుపట్టింది. పరిహారం చాలా కేసుల్లో అందింది గానీ, దోషులను పట్టుకుని శిక్షించిన దాఖలాలు లేనట్టే. 2021 డిసెంబరులో రష్యా సుప్రీంకోర్టు మెమోరియల్‌ను మూసేయమంది. 2022 సెప్టెంబరులో రష్యా ఐరోపా కోర్టు పరిధి నుంచి బయటికొచ్చింది. బిడ్డ ఏమయ్యాడని ఇన్నేళ్లుగా అడుగుతున్న తల్లులకు అర్జీ పెట్టుకునే చోటు కూడా ఇప్పుడు దాదాపు లేదు.